ఆ ఇల్లు నా పుణ్యం కాదు



డిసెంబరులో మేం ఆరుగురం ఖమ్మం వైపు వెళ్తున్నామని, అక్కడ ఒక కుటుంబం ఇల్లు కట్టుకుంటుంటే రెండు రోజులు సాయం చేయబోతున్నామని ఒక వీడియో చివర్లో చెప్పాను. గుర్తుండే ఉంటుంది. "ఆ సేవ వీడియో ఎప్పుడు పెడతారన్నా?" అని అప్పటి నుంచి చాలామంది అడుగుతున్నారు. సూటిగా చెప్పేస్తాను. ఆ వీడియో రాదు. తీసిన ఫుటేజ్ దాదాపు మొత్తం డిలీట్ చేశాను. ఎందుకు చేశానో చెప్పడానికే ఈ పోస్ట్. రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది. కానీ సేవ గురించి ఇన్ని వీడియోలు చేసినవాణ్ణి, ఆ సేవలోనే నాకు తగిలిన దెబ్బ గురించి దాచుకుంటే న్యాయం కాదు.

ముందు జరిగింది చెబుతాను.

2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఏటి పక్క కాలనీలను ముంచేసింది. టీవీలో మీరూ చూసే ఉంటారు. మేం వెళ్లిన కుటుంబం అప్పుడు ఇల్లు పోగొట్టుకున్నదే. మట్టి గోడలు, పైన రేకులు. గోడలు నాని కూలిపోయాయి. ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆవిడ, ఇంటర్ చదివే కూతురు, సరిగ్గా నడవలేని అత్తగారు. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఏడాది పైగా చుట్టాలింటి వరండాలో తలదాచుకున్నారు. తర్వాత ఏటికి దూరంగా ఉన్న ఊళ్లో పుట్టింటివాళ్లు కొద్దిగా జాగా ఇచ్చారు, ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది.

ఈ పథకం గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. 2024 మార్చి 11న భద్రాచలంలో దీన్ని మొదలుపెట్టారు. సొంత జాగా ఉన్న పేద కుటుంబానికి ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు ఇస్తారు. అయితే ఆ డబ్బు ఒకేసారి చేతికి రాదు. బేస్‌మెంట్ అయ్యాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత, అంతా పూర్తయ్యాక మిగతాది. డబ్బు పక్కదారి పట్టకుండా ఈ ఏర్పాటు. మంచిదే. కానీ ప్రతి దశనూ ముందు కట్టి చూపించాలి, ఆ తర్వాతే బిల్లు పడుతుంది. చేతిలో ఏమీ లేని మనిషికి అసలు ఇబ్బంది అక్కడే. "ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. అంతో ఇంతో ఉన్నవాళ్లకే అది పరీక్ష. ఇక ఏమీ లేనివాళ్ల సంగతి చెప్పేదేముంది?

నేను కట్టిన గోడ

మొదటి రోజు పొద్దున్నే అక్కడికి చేరాం. నుదుట బొట్టు, మెడలో కండువా, చేతికి కొత్త గ్లౌజులు. తాపీ మేస్త్రి మమ్మల్ని ఎగాదిగా చూసి, "ముందు ఇటుకలు తడపండి" అన్నాడు. ఇటుకను నీళ్లలో నానబెట్టకుండా పెడితే సిమెంటు మాలులో ఉన్న నీళ్లను అదే పీల్చేస్తుందట, గోడ పట్టు తప్పుతుందట. ఇంజనీరింగ్ చదివిన ఆరుగురిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు.

ఇటుకలు తడిపాం, మోశాం, ఇసుక జల్లించాం. మధ్యాహ్నానికి నాకు ఉత్సాహం ఎక్కువైంది. "మేస్త్రి గారూ, ఒక వరస నేను పెట్టనా?" అన్నాను. ఆయన కాదనలేదు. వంటగది గోడలో ఒక మూల నాకిచ్చాడు. మనసులో రామనామం అనుకుంటూ, ఒక్కో ఇటుకా పెడుతూ రెండు వరసలు లేపాను. మా ఫ్రెండ్ దాన్ని వీడియో తీశాడు. చాలా బాగా వచ్చింది కూడా.

భోజనం చేసి వచ్చేసరికి ఆ రెండు వరసలు లేవు. మేస్త్రి వాటిని విప్పేసి, ఇటుకలకంటిన మాలు గీకేసి, రసమట్టం పెట్టి మళ్లీ కడుతున్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అడగలేదు. అయితే బుర్రలో లెక్క మొదలైంది. ఆరుగురికీ కలిపి డీజిల్, టోల్, లాడ్జి, తిండి అన్నీ కలిపితే పద్నాలుగు వేలు. ఆ డబ్బు ఆవిడకే పంపి ఉంటే మేస్త్రి కూలి, కింద పనిచేసే మనిషి కూలి ఎన్ని రోజులకు వచ్చేవి? మా వల్ల ఒక గోడ రెండుసార్లు కట్టాల్సి వచ్చింది. మరి ఇందులో సాయం ఎక్కడుంది?

నిజానికి చాలామంది మనసులో ఉండే ప్రశ్నే ఇది. ఆఫీసులో రెండు రోజులు పనిచేస్తే వచ్చే డబ్బు ఇస్తే సరిపోదా, మనమే వెళ్లి మట్టి మొయ్యాలా? దీనికి "చేత్తో చేస్తేనే అసలు సేవ" అని ఒక రెడీమేడ్ జవాబు ఉంది. నేనూ ఒక వీడియోలో అదే చెప్పాను. ఆ మధ్యాహ్నం ఆ జవాబు నిలబడలేదు. చేత్తో చేయడం వల్ల లాభం నాకు. నా ఒళ్లు వంగింది, నా గర్వం కాస్త దిగింది. నిజమే. కానీ నాకు దక్కిన లాభాన్ని ఆవిడకు చేసిన దానం కింద రాసుకుంటే అది తప్పుడు లెక్క.

ఇంకోసారి చెప్తారా అక్కా

అసలు తప్పు సాయంత్రం చేశాను.

ఎండ వాలి, వెలుతురు బంగారంలా ఉంది. సగం లేచిన గోడ ముందు ఆవిడను కూర్చోబెట్టి వరద రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. అత్తగారిని ఎలా మోసుకొచ్చిందో, పిల్ల సర్టిఫికెట్లు ఎలా తడిసిపోయాయో చెబుతూ ఒకచోట ఆవిడ ఏడ్చేసింది. సరిగ్గా అప్పుడే మైకులో గాలి శబ్దం వచ్చింది. నేను ఏమన్నానో తెలుసా? "అక్కా, ఆ చివరిది ఇంకోసారి చెప్తారా?"

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది. కోపం లేదు. మెల్లగా అంది: "బాబూ, ఇల్లు పోయిందన్నది ఊరందరికీ తెలుసు. ఏడ్చింది కూడా తెలవాల్నా? మా పిల్ల కాలేజీకి పోతది. దాని దోస్తులు మీ వీడియోలు చూస్తరు."

ఆ పిల్ల అక్కడే, నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

ఆ రాత్రి లాడ్జిలో నిద్ర పట్టలేదు. భగవద్గీత 17వ అధ్యాయంలో దానం మూడు రకాలని కృష్ణుడు చెప్పే చోటు మీకు తెలుసు. తిరిగి ఏమీ ఆశించకుండా, తగిన చోట, తగిన సమయంలో, తగిన మనిషికి ఇచ్చేది సాత్వికం. ఏదో వస్తుందని ఇచ్చేది రాజసం. చిన్నచూపుతో ఇచ్చేది తామసం. దీని మీద నేను ఏకంగా రెండు భాగాల వీడియో చేశాను. డబ్బు తిరిగి అడగకపోతే చాలు, మనది సాత్వికమే అనుకునేవాణ్ణి. ఆ రాత్రి తెలిసింది, నేను తిరిగి అడగడం కాదు, అక్కడికక్కడే వసూలు చేసుకున్నాను. ఆవిడ కన్నీళ్లు, ఆ బంగారు వెలుతురు, రాబోయే వ్యూస్, "మీరు గ్రేట్ అన్నా" అనే మాటలు. రెండు రోజుల పనికి ముందే జీతం తీసేసుకున్నాను. పైగా ఆవిడ కష్టాన్ని ఇంకోసారి బాగా చెప్పమన్నానంటే అందులో చిన్నచూపు లేదని ఎలా అనగలను?

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, చదువు ముగించుకుని ఇంటికి వెళ్లే శిష్యులకు గురువు చెప్పే మాటలు ఉన్నాయి. అంటే మన వయసు వాళ్లకే. దానం గురించి చెప్పేటప్పుడు శ్రద్ధ ఉండాలంటాడు, అది మనకు అర్థమవుతుంది. దాంతో పాటు సిగ్గు ఉండాలంటాడు, భయం ఉండాలంటాడు. ఇచ్చేవాడికి సిగ్గెందుకు, భయమెందుకు అని ఎన్నోసార్లు అనుకున్నాను. పుచ్చుకునేవాడు కదా సిగ్గుపడేది! గురువు మాత్రం ఆ సిగ్గు ఇచ్చేవాడి దగ్గర ఉండాలంటున్నాడు. మేం వెళ్లిన చోట సిగ్గంతా ఆ పిల్ల మీద పడింది. నా వైపు కొంచెం కూడా లేదు. లెక్క తారుమారైంది.

రెండో రోజు

పొద్దున్నే మేస్త్రి గారి దగ్గరకెళ్లి అడిగాను. "నిజం చెప్పండి, మేం ఇవాళ ఇటుకలు మోయకపోతే ఏమవుతుంది?" ఆయన నవ్వాడు. "ఏం కాదు బాబూ. గోడలు ఇంకో మూడు రోజుల్లో అయిపోతయి. తర్వాత స్టీలుకు డబ్బుల్లేవు. స్లాబు ఆగుద్ది. అది పడితేనే కదా బిల్లు పడేది."

మేం వచ్చి ఒక రోజు గడిచింది. మీకు ఏం కావాలి అని అప్పటిదాకా ఎవరినీ అడగలేదు. మేం ఏం చేయాలో ముందే ప్లాన్ చేసుకుని వచ్చాం.

ఆవిడ దగ్గరికి వెళ్లాం. ముందుగా నిన్నటి దానికి క్షమించమన్నాను. ఫోన్ ఆమె కూతురి చేతికిచ్చి, "ఏది వద్దంటే అది తీసెయ్యమ్మా" అన్నాను. ఆ పిల్ల మొదట మొహమాటపడింది, తర్వాత ఒక్కొక్కటే చూసి వాళ్లమ్మ, నానమ్మ ఉన్నవన్నీ తీసేసింది. మేస్త్రి చేతులు ఉన్న క్లిప్ ఒకటి ఉంచింది.

తర్వాత స్టీలు సంగతి. ఆరుగురం తలా పదివేలు, మొత్తం అరవై వేలు ఇవ్వాలని అక్కడే అనుకున్నాం. చెప్పగానే ఆవిడ అంది, "ఊరికే అయితే వద్దు. అప్పుగా ఇవ్వండి. స్లాబు బిల్లు పడ్డాక ఇచ్చేస్త."

నిజం చెప్పనా? నాకు కాస్త నిరాశగా అనిపించింది. దానం చేద్దామని వెళితే అప్పుగా తీసుకుంటానంటుంది. నేను "అయ్యో, వద్దక్కా, మాకు తిరిగివ్వకండి" అని బతిమాలుతుంటే, అకౌంట్స్ చూసే మా చెల్లి లాంటి ఫ్రెండ్ నన్ను పక్కకు లాగి, "అన్నా, ఆమె ఇల్లు ఆమె కట్టుకుంటోంది. మధ్యలో నీ పుణ్యం ఎందుకు?" అంది. వడ్డీ లేదని, ఎప్పుడు వీలైతే అప్పుడేనని ఒక కాగితం మీద రాసుకున్నాం. ఆవిడ చదివించుకుని సంతకం చేసింది. ఆ తర్వాతే మాకు టీ ఇచ్చింది. ముందు రోజు ఇచ్చిన టీకీ, ఆ టీకీ తేడా ఉంది. ముందు రోజు స్టీలు గ్లాసుల్లో తెచ్చి, మేం తాగేదాకా నిలబడే ఉంది. ఈసారి తనూ ఒక గ్లాసు తీసుకుని ఇటుకల మీద మాతో పాటు కూర్చుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1976లో అమెరికాలో మొదలైన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే సంస్థ పద్ధతి ఇలాంటిదే. ఇల్లు ఊరికే ఇవ్వరు. ఇల్లు పొందే కుటుంబం కూడా వాలంటీర్లతో కలిసి వందల గంటలు పని చేయాలి, ఇంటి ఖరీదు లాభం లేని వాయిదాల్లో కట్టాలి. అలా తిరిగొచ్చిన డబ్బు ఇంకో ఇంటికి వెళుతుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఏళ్ల తరబడి వాళ్లతో కలిసి సుత్తి పట్టుకుని పని చేశాడు. 2006లో మన దేశానికీ వచ్చి, లోనావాలా దగ్గర 100 ఇళ్లు కట్టే పనిలో పాల్గొన్నాడు. వాళ్ల మత నేపథ్యం వేరు. కానీ పుచ్చుకునే మనిషి తల దించుకోకుండా ఉండే దారి ఎవరు కనిపెట్టినా మనం నేర్చుకోవచ్చు.

ఎక్కడ కట్టాలో నువ్వే చెప్పు

తిరుగు ప్రయాణానికి ముందు భద్రాచలం వెళ్లి దర్శనం చేసుకున్నాం. అక్కడి నుంచి కొంత దూరంలో పర్ణశాల అనే ఊరు ఉంది. సీతారాములు వనవాసంలో ఉన్న కుటీరం అక్కడిదేనని మనవాళ్ల నమ్మకం. నాసిక్ వాళ్లు పంచవటి తమదేనంటారు. ఎక్కడైనా సరే, వాల్మీకి రామాయణం అరణ్యకాండలో ఆ ఇల్లు కట్టిన ఘట్టం ఆ రోజు నాకు కొత్తగా అర్థమైంది.

మంచి చోటు చూసి ఇల్లు కడదామని రాముడు లక్ష్మణుడితో అంటాడు. లక్ష్మణుడు తనకు నచ్చిన చోట మొదలుపెట్టడు. చేతులు జోడించి, చోటు నువ్వే చూసి, ఇక్కడ కట్టు అని నాకు చెప్పు అంటాడు. ఉండబోయేవాడు చోటు చూపించాకే పని మొదలవుతుంది. మట్టి ఎత్తి, స్తంభాలు నాటి, వెదుళ్లు, జమ్మి కొమ్మలు, దర్భలతో కుటీరం కడతాడు. రాముడు చూసి, ఇంత పని చేసినందుకు నీకివ్వగలిగింది ఇదే అన్నట్టు గట్టిగా కౌగిలించుకుంటాడు.

అడవిలో రాముడి దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. లక్ష్మణుడు ఏమీ అడగలేదు. ఇల్లు లేనివాడు రాముడే కదా అక్కడ! ఇల్లు లేని మనిషి ముందు చేతులు జోడించి "ఎక్కడ కట్టమంటావు?" అని అడిగినవాడు లక్ష్మణుడు. ఇల్లు లేని మనిషి ముందు కెమెరా పెట్టి "ఇంకోసారి చెప్పు" అన్నవాణ్ణి నేను.

ఇంటికొచ్చాక ఇంకో విషయం వెతికి చదివాను. మనిషి పుట్టుకతోనే ఋణాలతో పుడతాడని మనం వింటుంటాం. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. శతపథ బ్రాహ్మణంలో నాలుగోది కూడా ఉంది, సాటి మనుషుల ఋణం. అది తీరేది ఎలాగంటే, మనుషులకు ఉండటానికి చోటు, తినడానికి తిండి ఇస్తే తీరుతుందని అక్కడ చెప్పారు. గమనించండి. నీడ ఇవ్వడాన్ని అక్కడ పుణ్యం ఖాతాలో వేయలేదు, అప్పు తీర్చడంలో వేశారు.

అప్పు తీర్చడానికి వెళ్లేవాడు ఎలా ఉంటాడు? తల కాస్త వంచుకుని వెళతాడు. ఎంత ఇవ్వాలో అవతలి మనిషిని అడుగుతాడు. ఇచ్చేటప్పుడు వీడియో తీయడు. ఇచ్చాక కృతజ్ఞత కోసం ఎదురుచూడడు. ఉపనిషత్తులో గురువు చెప్పిన సిగ్గు, భయం ఇవేనేమో అని నాకిప్పుడు అనిపిస్తోంది. నేనుంటున్న అపార్ట్‌మెంట్‌కు ఎవరు ఇటుకలు మోశారో నాకు తెలియదు. వాళ్లకు సొంత ఇల్లు ఉందో లేదో కూడా తెలియదు. ఈఎంఐ కడుతున్నాను కాబట్టి ఇల్లు పూర్తిగా నాదే, నేనెవరికీ బాకీ లేను అనుకుంటూ బతుకుతున్నాను.

అయినా ఒక సందేహం

ఒక మాట ఒప్పుకోవాలి. వీడియో పెట్టి ఉంటే డబ్బులు వచ్చేవి. ఇంకో రెండు ఇళ్లకు స్టీలు వచ్చేదేమో. ఒక ఆడపిల్ల మొహమాటం కోసం ఇంకో కుటుంబం వరండాలోనే ఉండిపోవాలా అని మా టీమ్‌లోనే ఒకరు అడిగారు. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ ఏడుపు నాది కాదు. నాది కానిది ఎంత మంచి పనికైనా సరే, అడగకుండా ఖర్చుపెట్టే హక్కు నాకు లేదు. నాదేదైనా ఉంటే అది ఖర్చు పెట్టుకుంటాను. నా సిగ్గు నాది, అందుకే ఇవాళ అది ఇక్కడ పెట్టాను. ఇది చదివి ఎవరైనా కదిలితే అదే చాలు. వ్యూస్ తగ్గితే తగ్గనివ్వండి.

మీలో ఎవరైనా ఇలాంటి పనికి వెళ్తుంటే, చిన్న అన్నగా నాలుగు మాటలు. వెళ్లే ముందే ఏం కావాలో ఆ ఇంటివాళ్లను, మేస్త్రిని అడగండి. మీ ప్రయాణానికి ఎంత ఖర్చవుతుందో కనీసం అంత ఆ పనికి పెట్టండి, తర్వాతే బయల్దేరండి. అక్కడ మేస్త్రి చెప్పిందే వేదం. ఇటుకలు తడపమంటే అవే తడపండి, గోడ జోలికి పోకండి. వాళ్ల ముఖాలు మీ ఫోన్‌లోకి రానివ్వకండి. మరి అసలు వెళ్లడం ఎందుకంటారా? వెళ్లకపోతే స్టీలు లేక ఆగిన సంగతి నాకు తెలిసేది కాదు, మనుషుల బాకీ గురించి చదవాలనీ అనిపించేది కాదు. నేర్చుకోవడానికి వెళ్లండి. అది దానం కాదు, చదువు. ఫీజు మనమే కట్టాలి.

జనవరిలో స్లాబు పడింది. ఆ తర్వాత రోజులకొద్దీ రోజూ రెండు పూటలా స్లాబు మీద నీళ్లు పట్టింది ఆవిడే, కాలేజీ నుంచి వచ్చాక ఆ పిల్ల. కాంక్రీటుకు బలం వచ్చేది అప్పుడేనట. మేం అక్కడ లేం.

మొన్న గురువారం ఆఫీసులో ఉండగా నా ఫోన్‌కు అరవై వేలు వచ్చాయి. బిల్లు పడిందట. వెంటనే ఆవిడ ఫోన్ చేసి, "లెక్క సరిపోయిందా బాబూ? ఒకసారి చూసుకో" అంది. సరిపోయిందక్కా అన్నాను. "గృహప్రవేశానికి పిలుస్త, అందరూ రావాలె. ఆ మేస్త్రి కూడా నిన్ను అడిగిండు, మూల గోడ కట్టిన సారు ఎట్లున్నడని" అని నవ్వింది.

ఆ అరవై వేలు ఈ వారమే ఇంకో ఇంటికి, ఇంకో స్లాబుకు అప్పుగా వెళుతున్నాయి. గృహప్రవేశానికి మేం ఆరుగురం వెళ్తాం. ఈసారి కెమెరా లేకుండా, పిలిస్తే వచ్చిన చుట్టాల్లాగా.

అందరికీ శ్రీరామరక్ష.